నీటికాసుల వ్యాధి: ఆఫ్రికా సంతతివారి అనుభవము మనకు నేర్పు పాఠము

చూపును హరించు వ్యాధులు రెండు విధములు. పోయిన చూపును చికిత్సచే మరల పొందుటకు వీలయినవి కొన్ని. ఒకసారి పోయిన చూపు ఎన్నటికిని తిరిగిరానివి కొన్ని. శుక్లములు మొదటి విధమునకు చెందినవి. శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకే వృద్ధులు తమ మనుమల ముఖములను గుర్తుపట్టుట మనము ప్రతి గ్రామమునందును చూచుచున్నాము. నీటికాసుల వ్యాధి రెండవ విధమునకు చెందినది. డాక్టర్లు దీనిని గ్లాకోమా అందురు. ప్రపంచమున తిరిగిరాని అంధత్వమునకు ప్రధాన కారణము ఇదియే.

ఈ భేదము తెలియకపోవుటచే గ్రామములలో గొప్ప నష్టము జరుగుచున్నది. చూపు మందగించిన పెద్దలు "పొర ఇంకను ముదురలేదు, ముదిరిన పిదప ఆపరేషను చేయించుకొందము" అని ఏండ్ల తరబడి వేచియుందురు. వచ్చినది శుక్లమే అయినచో ఆ ఆలస్యమువలని నష్టము చాలవరకు తరువాత తీరవచ్చును. నీటికాసులయినచో, వేచియుండిన ప్రతి సంవత్సరము కొంత చూపును శాశ్వతముగ తీసికొనిపోవును.

ఈ వ్యాధి ఎవరికి ఎక్కువగ వచ్చును, వచ్చిన పిదప ఎవరిలో త్వరగ ముదురును అను ప్రశ్నలపై గడచిన నాలుగు దశాబ్దులలో విస్తారమైన పరిశోధన జరిగినది. అందు ముఖ్యమైన భాగము ఆఫ్రికా సంతతి ప్రజలను గూర్చినది. వారిలో ఈ వ్యాధి ఎక్కువమందికి వచ్చుచున్నది. చిన్న వయస్సుననే మొదలగుచున్నది. అంధత్వమునకు ఎక్కువగ దారితీయుచున్నది. ఇందుకు కారణములేవి? వానిలో మానవుడు మార్చలేనివి ఎన్ని, మార్చగలిగినవి ఎన్ని? ఈ విచారణవలన తేలిన సంగతులు ఆ ప్రజలకు మాత్రమే గాక, గ్రామ ఆరోగ్య బాధ్యత వహించు మన పంచాయతీ సభ్యులకును మిక్కిలి ఉపయోగకరములు.

వ్యాధి స్వరూపము

కంటి ముందుభాగమున నిర్మలమైన ఒక ద్రవము ఎల్లవేళల ఊరుచు, జల్లెడవంటి సన్నని మార్గము గుండ వెలుపలికి పోవుచుండును. ఇది కన్నీరు కాదు. కంటి లోపల ప్రవహించు నీరు. ఊరు నీరును, పోవు నీరును సమముగ నున్నంతకాలము కంటిలోని ఒత్తిడి స్థిరముగ నుండును. చెరువునకు వాగు నీరు వచ్చుచునేయుండి, తూము మాత్రము పూడికతో మూసికొనిపోయినచో నీటిమట్టము పెరిగి గట్టుపై భారము హెచ్చును గదా! అట్లే కంటినీరు పోవు మార్గము బిగిసినపుడు లోపలి ఒత్తిడి హెచ్చును. గట్టు ఎచట బలహీనముగ నున్నదో అచట ముందుగ గండి పడును. కంటికి అట్టి బలహీనమైన చోటు వెనుకభాగమున దృష్టినాడి బయలుదేరు స్థలము. దృష్టినాడియందు సుమారు పది పన్నెండు లక్షల సన్నని తంతువులు కలవు. ఒత్తిడివలన అవి కొంచెము కొంచెముగ నశించును. నశించిన తంతువు మరల మొలవదు.

కంటి ఒత్తిడిని పాదరసపు మిల్లీమీటర్లలో కొలిచెదరు. సాధారణముగ అది 10 నుండి 21 వరకు ఉండును. ఐతే ఈ హద్దు అందరికి ఒక్కటే కాదు. బలమైన గట్టు ఎక్కువ నీటిని ఓర్చుకొనును. బలహీనమైన గట్టు తక్కువ నీటికే తెగును. కావున 21 లోపల నున్నను దృష్టినాడి దెబ్బతినువారు కలరు. అంతకు మించినను చెడనివారును కలరు.

ఆఫ్రికా సంతతివారిలో విస్తారముగ కనబడునది "తెరచిన కోణపు" నీటికాసులు. ఇందు నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారుట లేదు. ముందుగ ప్రక్కచూపు పోవును. నడిమి చూపు చివరివరకు నిలుచును. ఒక కంటి లోపమును రెండవ కన్ను కప్పిపుచ్చును. కావున రోగి అక్షరములను చదువగలుగును, నోట్లను లెక్కింపగలుగును. ప్రక్కనుండి వచ్చు మోటారు సైకిలును మాత్రము చూడలేడు. తనకేదియో లోపము కలదని గ్రహించునప్పటికి దృష్టినాడిలో అధికభాగము నశించియుండును.

లెక్కలు చెప్పు సంగతి

అమెరికాలోని బాల్టిమోరు నగరమున 1985 - 1988 సంవత్సరముల మధ్య 40 ఏండ్లు నిండిన 5,308 మందిని ఇంటింట విచారించి పరీక్షించిరి. వారిలో కొందరు ఆఫ్రికా సంతతివారు, కొందరు ఐరోపా సంతతివారు. ఈ నీటికాసులు మొదటివారిలో రెండవవారికన్న నాలుగైదు రెట్లు ఎక్కువగ నున్నట్లు 1991 లో ప్రకటించిరి. ఆఫ్రికా సంతతివారిలో 40 - 49 ఏండ్లవారికి నూటికి ఒకరికి కొంచెము పైగ నుండిన వ్యాధి, 80 ఏండ్లు దాటినవారిలో నూటికి 11 మందికి పైగ పెరిగినది. ఈ వ్యాధివలని అంధత్వము వారిలో ఆరు రెట్లు ఎక్కువగ నుండుటయే గాక, సగటున పదేండ్లు ముందుగనే మొదలగుచున్నట్లు కూడ తెలిసినది. వ్యాధి యున్నవారిలో సుమారు సగముమందికి ఆ సంగతియే తెలియదు.

కరీబియన్ సముద్రములోని బార్బడోస్ చిన్న ద్వీపము. అచటి ప్రజలలో అత్యధికులు, చెరకుతోటల పనికై బానిసలుగ కొనిరాబడిన పశ్చిమాఫ్రికా ప్రజల సంతతివారు. 1988 - 1992 మధ్య అచట 40 - 84 ఏండ్ల వయస్సుగల 4,709 మందిని పరీక్షింపగా, ఆఫ్రికా సంతతివారిలో నూటికి 7 గురికి ఈ వ్యాధి కనబడినది. పశ్చిమాఫ్రికాలోని ఘనా దేశమున తేమా నగరమందు 5,603 మందిని పరీక్షించి 2013 లో వెల్లడించిన ఫలితము కూడ దీనికి సమీపముననే యున్నది. నూటికి ఇంచుమించు 7 గురు. వ్యాధిగ్రస్తులలో తమకు ఆ వ్యాధి కలదని ఎరిగినవారు మాత్రము నూటికి నలుగురు కూడ లేరు!

ఐతే తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశమున, కోంగ్వా ప్రాంతపు పల్లెలలో ఇట్టి నీటికాసులు నూటికి ముగ్గురికి మాత్రమే కనబడినవి. ఈ భేదమును మనము గమనింపవలెను. ఆఫ్రికా ఒక్క దేశము కాదు. ఒక విశాల ఖండము. అందలి ప్రజలు బహువిధములైనవారు. "ఆఫ్రికా సంతతి" అను ఒక్క మాటతో అందరిని ఒకే త్రాసున తూచుట సరికాదు.

సంతతి కారణమా, సూచనయా?

ఒక సంతతివారిలో వ్యాధి ఎక్కువగ నున్నదనగానే "అది వారి రక్తములోనే కలదు, చేయగలిగినదేమియు లేదు" అని తలచుట కొందరికి అలవాటు. శాస్త్రము అట్లు చెప్పుటలేదు.

అమెరికాలో 1994 తరువాత 22 వైద్యకేంద్రములు కలసి 1,636 మందిపై ఒక గొప్ప పరిశోధన నడపినవి. వీరందరికి కంటి ఒత్తిడి హెచ్చుగ నున్నది. కాని దృష్టినాడి ఇంకను చెడలేదు. వీరిలో 408 మంది ఆఫ్రికా సంతతివారు. సగముమందికి ఒత్తిడిని తగ్గించు చుక్కలమందు ఇచ్చి, తక్కినవారిని మందు లేకుండ కనిపెట్టియుండిరి. మొదటి లెక్కలలో ఆఫ్రికా సంతతివారికి వ్యాధి ఎక్కువగ వచ్చినట్లే కనబడినది. అంతట పరిశోధకులు ప్రతివారి కార్నియా మందమును, దృష్టినాడి మొదటనుండు గుంట పరిమాణమును లెక్కలోనికి తీసికొనిరి. అట్లు చేయగానే సంతతివలని భేదము చాలవరకు అంతరించినది. అనగా, సంతతి అను పేరు వెనుక దాగియుండినది కొలువదగిన శరీర లక్షణములే.

అట్టి లక్షణములు ఏ దేశమువానియందైనను ఉండవచ్చును. కావున సంతతి యనునది "ఇచట జాగ్రత్తగ చూడుము" అని చెప్పు దారిపలక వంటిది. మార్పులేని విధివ్రాత కాదు. మన హైదరాబాదునందును ఆఫ్రికా సంతతివారు కలరు. నిజాము ప్రభుత్వపు ఆఫ్రికన్ ఆశ్వికదళమున పనిచేసిన సిద్దీల వంశీయులు వారు, ఏ.సి. గార్డ్స్ అను పేట పేరు ఆ దళమునుండియే వచ్చినది. కంటివైద్యుని వద్దకు వెళ్ళినపుడు తమ వంశచరిత్రను చెప్పుట వారికి మేలు. వైద్యుడు దానిని విని కార్నియాను, దృష్టినాడిని మరింత శ్రద్ధతో చూచును.

వ్యాధి త్వరగ ముదురుటకు కారణములు

వ్యాధి వచ్చుట వేరు, ముదురుట వేరు. వచ్చినవారందరును అంధులు కారు. కొందరిలో అది ఇరువది ఏండ్లకును అంతగ కదలదు. మరి కొందరిలో కొలది సంవత్సరములలోనే చూపును మ్రింగును. ఈ భేదమునకు కారణములుగ గుర్తింపబడినవానిని క్రింద వివరించుచున్నాము.

1. కంటి ఒత్తిడి. అన్నిటిలో ముఖ్యమైనది ఇదియే. చికిత్సచే మార్చుటకు వీలయినదియు ఇదియే. ముదిరిన వ్యాధిగల 591 మందిని, వారిలో సగముకన్న ఎక్కువమంది ఆఫ్రికా సంతతివారు, అమెరికాలో ఏండ్ల తరబడి పరీక్షించిరి. ఆరు సంవత్సరములపాటు పరీక్షించిన ప్రతిసారియు ఒత్తిడి 18 కి లోపల నిలిచిన కండ్లలో, సగటున చూపు పరిధి ఇంచుమించు తగ్గనే లేదని 2000 సంవత్సరమున ప్రకటించిరి. ఒకనాడు తగ్గి మరియొకనాడు హెచ్చుట చాలదు; ఎల్లప్పుడును తక్కువగ నుండవలెను.

2. కార్నియా పలుచదనము. కార్నియా యనగా నల్లగ్రుడ్డుపై గాజువలె నుండు పారదర్శకమైన పొర. ఒత్తిడిని కొలుచు పరికరము దీనిపైననే ఆనించి నొక్కును. పొర పలుచనైనచో సులభముగ వంగి, ఉన్నదానికన్న తక్కువ ఒత్తిడిని చూపును. అందుచే వైద్యుడును రోగియు అంతయు బాగున్నదని భ్రమపడుదురు. పైన చెప్పిన 1,636 మందిలో ఆఫ్రికా సంతతివారి కార్నియా సగటున 23 మైక్రానులు పలుచగ నుండినది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కార్నియా 555 మైక్రానులు గాని అంతకు తక్కువగ గాని యున్నవారికి, 588 కి మించిన వారికన్న వ్యాధి వచ్చు అపాయము మూడు రెట్లుండెను. ఇది కొలతలోని పొరపాటువలన మాత్రమే కాదు. పలుచని కార్నియా దానికదియే అపాయసూచకమని తేలినది. దీనిని కొలుచుట నొప్పిలేని, క్షణములలో ముగియు పరీక్ష.

3. వయస్సు, వ్యాధి మొదలైన కాలము. వయస్సు హెచ్చినకొలది దృష్టినాడి ఓర్పు తగ్గును. పదేండ్లు ముందుగ వ్యాధి మొదలైనవాడు మరి పదేండ్లు ఎక్కువకాలము దాని బారి కోర్చుకొనవలెను. కావున చిన్న వయస్సున మొదలగుట జీవితాంతమున అంధత్వపు అపాయమును పెంచును.

4. దృష్టినాడికి రక్తప్రసారము. నాడి బ్రతుకుటకు రక్తము కావలెను. కంటిలోని ఒత్తిడిని ఎదుర్కొని రక్తము లోనికి పోవలెను. చెరువు మట్టము కాలువ మట్టముకన్న పైన నున్నచో కాలువనీరు చెరువులోనికి ఎక్కునా? అట్లే కంటి ఒత్తిడి హెచ్చి, శరీరపు రక్తపుపోటు మిక్కిలి తగ్గినచో నాడికి రక్తము చాలదు. బార్బడోస్ ప్రజలను తొమ్మిదేండ్లు అనుసరించి చూచినపుడు, ఇట్లు రక్తప్రసారపు బలము తక్కువగ నున్నవారికి వ్యాధి ఎక్కువగ వచ్చినట్లు కనబడినది. రక్తపుపోటు సహజముగ రాత్రి నిద్రలో తగ్గును. రక్తపుపోటు మాత్రలను ఏ వేళ వేసికొనవలెనో నీటికాసుల రోగులు తమ వైద్యుని అడిగి తెలిసికొనుట మంచిది. తామంతట తామే ఆ మాత్రలను మానుట మాత్రము ప్రాణాపాయకరము.

5. కుటుంబచరిత్ర. తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని ఈ వ్యాధి యున్నవారికి అపాయము హెచ్చు. బార్బడోస్‌లో అది రెండు రెట్లకు మించియుండెను. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు పదివేలమందికి పైగ ఆఫ్రికా సంతతివారిని పరీక్షించి, ఈ వ్యాధికి సంబంధించిన జన్యువులను వెదకుచున్నారు. ఒక్క జన్యువు కాదు, అనేకములు కలసి పనిచేయుచున్నవని తెలియుచున్నది.

6. ఆలస్యముగ గుర్తించుట. మొదటిసారి డాక్టరు వద్దకు వచ్చునప్పటికే నాడి చాల చెడియున్నచో, మిగిలిన కొద్ది తంతువులను కాపాడుట కష్టము. ఒక కన్ను అప్పటికే పోయి, రెండవది సగము పోయిన పిదప వచ్చువారు ఆఫ్రికా దేశముల ఆసుపత్రులలో తరచుగ కనబడుదురు. వారిలో వ్యాధి వేగముగ ముదిరినట్లు తోచుటకు ఇది యొక కారణము.

7. చికిత్స అందకపోవుట, నిలిచిపోవుట. అమెరికాలో వృద్ధుల ఆరోగ్య బీమా లెక్కలను పరిశీలింపగా, వ్యాధి తీవ్రతను బట్టి జరుగవలసినదానికన్న ఆఫ్రికా సంతతివారికి నీటికాసుల శస్త్రచికిత్సలు చాల తక్కువగ జరుగుచున్నట్లు 1991 లో బయటపడినది. ఇది శరీరధర్మము కాదు, సంఘధర్మములోని లోపము. మందు ఖరీదు, ఆసుపత్రి దూరము, కూలి పోవునను భయము, వైద్యునిపై అపనమ్మకము ఇవన్నియు చూపును హరించు కారణములే. చుక్కలమందు వేసికొనినంతమాత్రమున చూపు బాగుపడినట్లు తోచదు. పైగా కన్ను మండును. "మందువలన గుణము లేదు" అని రోగి మానివేయును. ఉన్న చూపు నిలుచుటయే ఆ మందు గుణమని అతనికి ఎవరును చెప్పియుండరు.

8. శస్త్రచికిత్స పిదప గాయము మూసికొనుట. కంటినీరు పోవుటకు వైద్యుడు క్రొత్త దారి చేయును. ఆఫ్రికా సంతతివారిలో ఆ దారి గట్టి మచ్చకట్టి మూసికొనిపోవుట ఎక్కువ. అందుచే శస్త్రచికిత్స సమయముననే మచ్చను నివారించు మందును వాడుదురు. ఆపరేషను పిదప పరీక్షలకు తప్పక రావలెనని చెప్పుదురు.

ఈ ఎనిమిదింటిని మరల చూడుడు. వయస్సు, వంశము, కార్నియా పలుచదనము మన చేతిలో లేవు. ఒత్తిడి, ఆలస్యము, చికిత్స నిలిచిపోవుట ఇవి మన చేతిలోనివి. చూపును కాపాడు పనియంతయు ఈ రెండవ జాబితాలోనే కలదు.

ఆశ కలిగించు ఫలితములు

పైన చెప్పిన పరిశోధనలో, ఒత్తిడి హెచ్చుగ నుండిన ఆఫ్రికా సంతతివారిలో మందు లేనివారికి నూటికి 16 మందికి నీటికాసులు రాగా, చుక్కలమందు వాడినవారిలో నూటికి 8 మందికి మాత్రమే వచ్చినవని 2004 లో ప్రకటించిరి. అనగా సాధారణమైన చుక్కలమందు అపాయమును ఇంచుమించు సగమునకు తగ్గించినది. ఆ పరిశోధనలోని వారినే ఇరువది సంవత్సరములపాటు అనుసరించి 2021 లో చెప్పిన లెక్కలను బట్టి, ఆఫ్రికా సంతతివారిలో నూటికి 55 మందికి, ఇతరులలో నూటికి 43 గురికి వ్యాధి వచ్చినది. అంతరము కలదు, కాని అది దాటరాని అగాధము కాదు.

చుక్కలమందు ప్రతిదినము వాడలేని పల్లెవారికి మరియొక మార్గమును టాంజానియాలోని కిలిమంజారో ప్రాంతపు వైద్యులు పరీక్షించిరి. మోషి పట్టణములోని ఆసుపత్రిలో సుమారు రెండువందలమంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు టిమొలాల్ చుక్కలను, రెండవ భాగమునకు లేజరు కాంతి చికిత్సను ఇచ్చిరి. ఒక సంవత్సరము గడచిన పిదప చుక్కలు వాడిన కండ్లలో నూటికి 31, లేజరు చేయించుకొనిన కండ్లలో నూటికి 61 అదుపులో నుండినవి. కొలది నిమిషములలో ముగియు చికిత్స, దినదినము మందు కొనలేని బీదవానికి ఎంత ఉపకారమో 2021 నాటి ఈ ఫలితము చెప్పుచున్నది. లేజరు గుణము కాలక్రమమున తగ్గవచ్చును. కావున ఆ పిదపను పరీక్షలు మానరాదు.

మన ప్రాంతపు స్థితి

తెలుగుదేశమున ఈ వ్యాధి ఆఫ్రికా సంతతివారిలోవలె అంత విస్తారముగ లేదు. కాని గుర్తింపులోని ఆలస్యము మనకును కలదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్యసంస్థవారు 1996 - 2000 మధ్య నాటి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదు నగరమునందును, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల పల్లెలయందును 10,293 మందిని పరీక్షించిరి. నగరములో తెరచిన కోణపు నీటికాసులు గలవారిలో పదింట తొమ్మిదిమందికి పైగ తమ వ్యాధి ముందుగ తెలియదు. ఘనాలోని తేమావలెనే మన హైదరాబాదును! ఆసుపత్రులు గల నగరములోనే ఇట్లున్నచో పల్లెల మాట చెప్పవలెనా?

మరియొక భేదమును కూడ మన సభ్యులు ఎరుగవలెను. మన దేశమున "మూసికొనిన కోణపు" నీటికాసులు ఆఫ్రికా సంతతివారిలోకన్న ఎక్కువ. అందు కొందరికి అకస్మాత్తుగ తీవ్రమైన కంటినొప్పి, తలనొప్పి, ఎరుపు, వాంతులు, దీపము చుట్టు రంగుల వలయములు కనబడును. అట్టి రోగిని పైత్యమని ఇంట ఉంచక ఆ దినమే కంటి ఆసుపత్రికి పంపవలెను. గంటలు గడచినకొలది చూపు పోవును.

పంచాయతీ చేయదగిన పనులు

నీటికాసులను పంచాయతీ నయము చేయజాలదు. కాని అంధత్వమును తగ్గింపగలదు. ఇందుకు గొప్ప ధనము అక్కరలేదు, శ్రద్ధ కావలెను.

మొదటిది, 40 ఏండ్లు నిండిన ప్రతివారికిని కంటిపరీక్ష జరుగునట్లు చూచుట. అక్షరముల పలకను చదివించి అద్దములు ఇచ్చిననే పరీక్ష ముగిసినట్లు కాదు. నడిమి చూపు బాగుండుటచే నీటికాసుల రోగి పలకను చక్కగ చదువును. దృష్టినాడిని చూచుట, ఒత్తిడిని కొలుచుట ఈ రెండును జరుగవలెను. కంటి శిబిరమును ఏర్పాటు చేయునపుడు ఈ రెండు పరీక్షలు కలవా అని ముందుగనే అడుగుడు.

రెండవది, గ్రామములో ఇప్పటికే నీటికాసులని తేలినవారి తోబుట్టువులను, బిడ్డలను పరీక్షకు పంపుట. ఒక రోగి పేరు తెలిసినచో ఆ కుటుంబమున మరికొందరి చూపును కాపాడుటకు దారి దొరకినట్లే. ఆశా కార్యకర్త ఈ పనికి మిక్కిలి తగినది. రోగి పేరును సభలో చదువుట మాత్రము కూడదు. అది అతని సొంత విషయము.

మూడవది, మందు నిలిచిపోకుండ చూచుట. చుక్కలు వేసికొనలేని వృద్ధులకు ఇరుగుపొరుగువారు, విద్యార్థులు సాయపడవచ్చును. ప్రతిదినము ఒకే వేళకు, దీపారాధనవేళకో నమాజువేళకో, మందును జతపరచినచో మరపు రాదు. చుక్క వేసిన పిదప కన్ను మూసి, ముక్కు ప్రక్కన కంటిమూలను వ్రేలితో ఒకటి రెండు నిమిషములు అదిమినచో మందు గొంతులోనికి జారదు. టిమొలాల్ ఉబ్బసము గలవారికి అపాయకరము కావున ఉబ్బసమున్నచో వైద్యునికి తప్పక చెప్పవలెను.

నాలుగవది, దుకాణములలో చీటి లేకుండ అమ్ము స్టీరాయిడు కంటిచుక్కలను గూర్చి హెచ్చరించుట. దురదకనియు, ఎరుపుకనియు నెలల తరబడి వీనిని వేసికొనువారికి కంటి ఒత్తిడి హెచ్చి నీటికాసులు వచ్చును. పిల్లలకును ఈ అపాయము కలదు.

అయిదవది, "శుక్లము ముదరనిమ్ము" అను మాటను గ్రామమునుండి తొలగించుట. చూపు తగ్గుటకు కారణమేదో తేల్చువాడు వైద్యుడే గాని కాలము కాదు. గ్రామసభలో ఈ ఒక్క మాటను నాలుగుసార్లు చెప్పినను లాభమే.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

మన గ్రామములో 40 ఏండ్లు నిండినవారెందరు? వారిలో గడచిన రెండేండ్లలో దృష్టినాడి పరీక్ష జరిగినవారెందరు?

నీటికాసులకు మందు వాడుచు నడుమ మానివేసినవారు కలరా? మానుటకు కారణము ఖరీదా, దూరమా, నిరాశయా?

కంటి ఒత్తిడిని కొలుచు వసతి మన ఊరికి ఎంత దూరమున కలదు? అచటికి పోవుటకు వృద్ధులకును స్త్రీలకును తోడెవరు?

బార్బడోస్‌లోను, ఘనాలోను, బాల్టిమోరులోను వేలకొలది ప్రజలు తమ కండ్లను పరీక్షకు ఒప్పగించి లోకమునకు ఒక సత్యమును తెలిపిరి. పుట్టుకతో వచ్చిన అపాయము కొంత. నిర్లక్ష్యముతో మనము చేర్చుకొను అపాయము కొంత. మొదటిదానిని ఎరిగి మెలగవలెను, రెండవదానిని తొలగింపవలెను. వచ్చు నెలలో జరుగు పంచాయతీ సమావేశపు కార్యక్రమమున ఈ అంశమును చేర్చి, పై ప్రశ్నలకు సమాధానములను వ్రాసి ఉంచుడు. ఆరు నెలల పిదప ఆ కాగితమును మరల తీసి చూచుకొనుడు. ఆనాటికి ఒక్కరి దృష్టినాడియైనను సకాలమున పరీక్షింపబడి, ఒక్క కన్నైనను నిలిచినచో ఆ సమావేశము వ్యర్థము కాలేదు.